పదమూడు ముక్కల పర్మిట్టు

విజయభాస్కర్‌ని సుబ్బరాజు ఇంక జన్మలో 'బావా' అని పిలవడు.

చుట్టరికం తెగేది కాదు. విజయభాస్కర్ భార్య నాగేశ్వరికి తోడబుట్టిన అన్న, కూతురు మానసకి మేనమామ. అది అలాగే ఉంటుంది. కానీ నోరు సుబ్బరాజుది. ఇంగ్లీషు కాగితం చదవలేని తొమ్మిదో తరగతి వాడని తెలిసీ, ఆ కాగితం మీద అబద్ధం నింపి, "ఇక్కడ సంతకం పెట్టండి బావా" అని పెన్ను చేతిలో పెట్టినవాణ్ణి ఆ నోటితో ఎలా పిలుస్తాడు?

ఆ అబద్ధం ఒక్క మాట. బ్రిడ్జ్.

ఇప్పుడు ఆ ఒక్క మాటని నిజం చెయ్యడానికి, బుధవారం పొద్దున్న పదిగంటలకి, సుబ్బరాజు ఇంట్లోనే క్లాసు జరుగుతోంది. రేపు మధ్యాహ్నం రెండింటికి కౌన్సిల్లో, అంటే ఈ ఇంగ్లీషు ఊరి మునిసిపాలిటీలో, హియరింగు.

హాల్లో సోఫా గోడకి జరిపేసి, డైనింగ్ టేబుల్ మధ్యకి లాగి, చుట్టూ నాలుగు కుర్చీలు వేశారు. బ్రిడ్జ్ అనే ఆ పేకాటలో కూచునే చోటుకి దిక్కుల పేర్లట. తూర్పున డాక్టర్ కృష్ణమూర్తి. ఆసుపత్రిలో మత్తు డాక్టరు, సుబ్బరాజు నడిపే పేకాట క్లబ్బు మొత్తం మీద బ్రిడ్జ్ వచ్చిన ఒకే ఒక్కడు. పడమట శ్రీకర్, కంప్యూటర్ కాంట్రాక్టరు. ఉత్తరాన విజయభాస్కర్, ఆఫీసుకి సెలవు పెట్టి మరీ వచ్చాడు. దక్షిణాన కుర్చీ ఖాళీ.

"రాజుగారూ, తమరొచ్చి కూచుంటే గాని ఆట సాగదండీ," అని డాక్టరు కేకేశాడు.

"ఉల్లిపాయలు కోస్తున్నానండి," అన్నాడు సుబ్బరాజు వంటింట్లోంచి.

"గంట నుంచీ కోస్తూనే ఉన్నారు. ఎన్ని కోస్తారు బావా?" అన్నాడు విజయభాస్కర్.

"విజయభాస్కర్ గారికి సరిపోయినన్ని."

పొయ్యి దగ్గరున్న నాగేశ్వరి చేతిలో గరిటె ఆగింది. పద్దెనిమిదేళ్ల కాపురంలో తన భర్త తన అన్నని అలా పేరు పెట్టి, 'గారు' తగిలించి పిలవడం అదే మొదటిసారి. తిట్టినా అంత చెడ్డగా వినపడేది కాదు.

హాల్లో డాక్టరు గబగబా పాఠంలో పడ్డాడు. "సరే, నేను ఆయన ముక్కలు కూడా చూపిస్తాను. చూడండి, వేలం పాట అయ్యాక ఒకాయన డమ్మీ అవుతాడు. తన ముక్కలన్నీ బల్ల మీద పరిచేసి ఊరుకుంటాడు. ఆయన తరఫున ఎదురుగా ఉన్నాయనే ఆడతాడు."

"ఇదేదో బావుంది డాక్టరుగారూ," అన్నాడు శ్రీకర్. "అన్నీ పరిచేసి కాఫీ తాగుతూ కూచోవడం. నేను ఆఫీసులో చేసేది అదే."

నవ్వులు పుట్టాయి. వంటింట్లో కత్తి చప్పుడు ఎక్కువైంది.

విజయభాస్కర్ లేచి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. "బావా, నేను మీ మంచికే చేశాను. మీరే కదా, కొత్త చట్టం వచ్చిందట, దొంగచాటు బతుకు వద్దు, క్లబ్బుకి పర్మిట్టు తీయించు అన్నారు?"

"అన్నాను."

"రమ్మీ అని రాస్తే ఆ ఫారం మొదటి బల్ల కూడా దాటదు. ఈ దేశంలో పేకాట కోసమే క్లబ్బు పెట్టుకోవాలంటే అది బ్రిడ్జ్ అయినా అవ్వాలి, దానికి అక్కలాంటి ఆట విస్ట్ అయినా అవ్వాలి. అది చట్టం. నేను చదివాను, మీరు చదవలేదు. రమ్మీకీ బ్రిడ్జ్‌కీ పదమూడు ముక్కలే కదా అనుకున్నాను."

"ఆ సంగతి ఆ రోజే నాతో చెప్పాల్సింది."

"చెప్తే ఒప్పుకునేవారా?"

"లేదు."

"మరి? అందుకే చెప్పలేదు."

సుబ్బరాజు కత్తి పక్కన పెట్టాడు. "వినండి విజయభాస్కర్ గారూ. ఒప్పుకోనని తెలిసి చెప్పకపోవడాన్ని మా వైపు ఏమంటారో మీకు తెలుసు. మీదీ మా వైపే."

నాగేశ్వరి ఇద్దరి మధ్యా వచ్చి నిలబడింది. "ఏవండీ, డాక్టరుగారు వింటున్నారు."

"విననీ. ఆయనకి తెలియందా? పోయిన శనివారం పరువు పోయింది ఆయన ఎదురుగానే కదా."

పోయిన శనివారం సంగతి అది. కౌన్సిల్ లైసెన్సింగ్ ఆఫీసరు మిసెస్ వీలర్ చెప్పా పెట్టకుండా వచ్చింది. బ్లెచ్లీలో సుబ్బరాజుకి టేకవే, అంటే వండి కట్టిచ్చే షాపు, దాని పైన మేడగది. ఫారం ప్రకారం అది గోదావరి బ్రిడ్జ్ క్లబ్బు. ఆమె చూసింది రెండు బల్లలు, బల్లకి ఆరుగురు, మధ్యలో తిరగేసి పెట్టిన జోకరు. ఆ జోకరుని వేలితో చూపించి, "బ్రిడ్జ్‌లో ఇది ఉండదనుకుంటాను," అంది. నవ్వుతూనే అంది. నవ్వుతూనే పుస్తకంలో రాసుకుంది.

పాతికమంది సభ్యులుండాలని చట్టం. విజయభాస్కర్ పాతిక పేర్లు రాశాడు. అందులో ట్రెజరరు సత్యమ్మ. అంటే విజయభాస్కర్‌కీ నాగేశ్వరికీ కన్నతల్లి. ఆవిడ విజిటర్ వీసా మీద ఆరు నెలలుండి వెళ్లిపోయింది. పుట్టి బుద్ధెరిగాక పేక ముట్టుకోలేదు. ట్రెజరరు ఎక్కడ అని మిసెస్ వీలర్ అడిగినప్పుడు శ్రీకర్ "షీ ఈజ్ ఇన్ భీమవరం," అన్నాడు.

మంగళవారానికి షాపు ఓనరు దగ్గర్నించి ఉత్తరం వచ్చింది. మేడగదికి పర్మిట్టు రాకపోతే లీజు రద్దు, నెలాఖరుకి కిందా పైనా ఖాళీ. ఆ ఉత్తరం ఇప్పుడు ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద వేలాడుతోంది. నీళ్ల కోసం వెళ్లినవాళ్లందరూ దాన్ని చదివి నీళ్లు తాగకుండా వస్తున్నారు.

"రేపు ఒక్క అరగంట," అన్నాడు విజయభాస్కర్ గొంతు తగ్గించి. "అడిగితే బ్రిడ్జ్ అనండి. ఆ శనివారం ఏదో సరదాకి రమ్మీ వేశామనండి. నాలుగు మాటలు డాక్టరుగారి దగ్గర నేర్చుకోండి. లీజు నిలబడుతుంది, షాపు నిలబడుతుంది. తర్వాత మేడ మీద మీరేం ఆడుకుంటే ఎవడికి కావాలి?"

మెట్ల మీద కూచుని ఫోనుతో ఆడుకుంటున్న మానస తలెత్తింది. పదిహేనేళ్లది, ఈస్టర్ సెలవులు. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. మధ్యలో ఎప్పుడైనా తెలుగు ముక్క పడితే అది కోపం వచ్చిందనడానికి గుర్తు.

"సో యూ వాంట్ డాడ్ టు లై. టు ద కౌన్సిల్."

"పెద్దవాళ్ల మాటల్లో నువ్వు దూరకు," అంది నాగేశ్వరి.

"ఐ యామ్ జస్ట్ ఆస్కింగ్." మానస పక్కనున్న కౌన్సిల్ కరపత్రం తీసింది. "ఇట్స్ ఆల్ హియర్. పర్మిట్ ఉంటే, బ్రిడ్జ్ ఆర్ విస్ట్, మనిషికి ట్వంటీ పౌండ్స్ ఎ డే ఫీజు తీసుకోవచ్చు. ఎనీ అదర్ గేమ్, త్రీ పౌండ్స్."

"మళ్లీ చదువమ్మా," అన్నాడు సుబ్బరాజు.

మళ్లీ చదివింది.

సుబ్బరాజు చేతులు తుడుచుకుని హాల్లోకి వచ్చాడు. ఖాళీ కుర్చీలో కూచుంటాడేమోనని డాక్టరు ముక్కలు సర్దాడు. ఆయన కూచోలేదు, కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"డాక్టరుగారూ, తమరు రెండూ ఆడతారు. నిజం చెప్పండి. దేనికి ఎక్కువ బుర్ర కావాలి?"

డాక్టరు ఇబ్బందిగా కదిలాడు. "అది… దేని లెక్క దానిదండీ రాజుగారూ. బ్రిడ్జ్‌లో జ్ఞాపకం…"

"నాకు జ్ఞాపకం లేదా? పోయిన నెల రెండో శనివారం, మూడో ఆటలో తమరు కొట్టేసిన ఐదు ముక్కలు చెప్పమంటారా?"

"వద్దండీ బాబూ. చెప్పేస్తారు, నాకు తెలుసు."

"మరి నాది మూడు పౌన్ల ఆట ఎట్లా అయిందండీ? దొరలు ఆడితే ఇరవై, మనం ఆడితే మూడా? మన హై స్ట్రీట్‌లో గుర్రప్పందేలకి గాజు తలుపులు పెట్టి మూడు షాపులున్నాయి. మా షాపు పక్క కొట్లో పాలపాకెట్టుతో పాటు లాటరీ టికెట్టు అమ్ముతారు. వాటన్నిటికీ లైసెన్సు ఉంది. గుర్రం మీద డబ్బు పెట్టేవాడికి ఏం తెలివి కావాలి? గుర్రానికి కావాలి!"

శ్రీకర్ పకపకా నవ్వి, విజయభాస్కర్ చూపు చూసి ఆపేశాడు.

"మా వూరి క్లబ్బులో గోడకి సుప్రీంకోర్టు తీర్పు ఫ్రేము కట్టించి పెట్టారు. రమ్మీ నేర్పు మీద ఆడే ఆట, అదృష్టం మీద కాదు అని. అరవై ఎనిమిదిలో చెప్పారు. ప్లీడర్లు ఆడేవారు, హెడ్మాస్టరు ఆడేవాడు. నన్ను తొమ్మిదిలో తప్పించిన ఆ హెడ్మాస్టరే, బల్ల దగ్గర నా పక్కన కూచుని 'సుబ్బరాజూ, నేను డ్రాప్ చేసెయ్యనా' అని నన్నడిగేవాడు. నాకొచ్చిన చదువు అదొక్కటి. దాని పేరు మార్చి చెప్పమంటున్నారు మీరు."

"పేరే కదా బావా."

"మీ పేరు మార్చుకోండి ముందు."

డాక్టరు ముక్కలు పోగేసి అట్టపెట్టెలో పెట్టేశాడు. "నేను రేపు రాలేనండీ," అన్నాడు నెమ్మదిగా, బల్ల వైపు చూస్తూ. "రోటాలో నాకు డ్యూటీ పడింది. మార్చుకుందామని చూశాను. కుదర్లేదు."

"నాకు క్లయింట్ మీటింగు," అన్నాడు శ్రీకర్.

సుబ్బరాజు ఇద్దరికీ దణ్ణం పెట్టాడు. "చాలా సంతోషమండీ. కాఫీ తాగి వెళ్లండి."

*

ఆ మధ్యాహ్నం షాపు వెనక వంటగదిలో నాగేశ్వరి పప్పు రుబ్బుతోంది, సుబ్బరాజు వంకాయలు వేయిస్తున్నాడు. గ్రైండరు తిరిగినంతసేపూ మాట్లాడనక్కర్లేదు. పప్పు మెత్తబడ్డాక కూడా ఆవిడ గ్రైండరు ఆపలేదు.

చివరికి ఆయనే వెళ్లి ఆపాడు.

"చెప్పు."

"నేనేం చెప్తాను. చెప్పేవన్నీ మీరే చెప్పేశారు, అందరి ముందూ."

"వాడు నన్ను వెధవని చేశాడు నాగేశ్వరీ."

"వాడే మనకి వర్క్ పర్మిట్టు చూసిపెట్టాడు. వాడి ఇంట్లో ఎనిమిది నెలలున్నాం."

"తొమ్మిదేళ్లయింది. తొమ్మిదేళ్లూ నెలకోసారి గుర్తుచేశాడు. వాడు చెయ్యని నెల నువ్వు చేశావు."

ఆవిడ చెయ్యి పప్పులో ఉండిపోయింది. "చెరువు అమ్మినప్పుడు కూడా మీరింతే," అంది. "నేను వద్దన్నాను. గోపాల్‌రావుకి అమ్మేసి ఈ షాపు లీజులో పెట్టారు. మీ నాన్న చేతుల్తో తవ్వించిన చెరువు. సరే, అది పోయి ఇది వచ్చింది, కడుపు నిండుతోంది అనుకున్నాను. ఇప్పుడు దీన్ని కూడా పేకముక్క కోసం…"

"పేకముక్క కోసం కాదు."

"మరి దేనికోసం?"

సుబ్బరాజు పొయ్యి మంట తగ్గించాడు. వారమంతా కింద గిన్నెల దగ్గర తను వంటవాడు. 'ఉప్పు తగ్గింది బాసూ' అని పాతికేళ్ల కుర్రాడు కౌంటరు మీద ప్లాస్టిక్ డబ్బా తోసేస్తాడు. శనివారం మధ్యాహ్నం మేడ మెట్లెక్కగానే పెద్ద పెద్ద ఉద్యోగాల వాళ్లు లేచి, 'రండి రాజుగారూ' అంటారు. పన్నెండు మెట్లు. ఆ పన్నెండు మెట్లకోసమే చెరువు అమ్మాడేమో, అప్పుడు తెలియలేదు.

"ఇంటి పేరు ఏమిటని అడిగితే వేరే పేరు చెప్తామా?" అన్నాడు చివరికి.

ఆవిడకి అర్థమైందో లేదో. పప్పు గిన్నెలోకి తీస్తూ, "సరే, మీకు తోచింది చెప్పండి," అంది. "షాపు పోతే పోనీయండి, ఇంకోచోట వండుకుందాం. ఒక్కటి అడుగుతాను. అన్నయ్య పేరు మాత్రం ఎత్తకండి. సిటిజెన్‌షిప్‌కి పెట్టుకున్నాడు. కౌన్సిల్‌కి తప్పుడు కాగితం ఇచ్చాడని రికార్డు పడితే వాడి గతి ఏం కాను?"

"నా గతి?"

"మీకు నేనున్నాను. వాడికి వాడి పరువు తప్ప ఏం లేదు."

సుబ్బరాజుకి నవ్వొచ్చింది. కోపంలోనే నవ్వొచ్చింది. ఊ అనలేదు, ఊహూ అనలేదు. నాగేశ్వరి ఆ మౌనాన్ని ఒప్పుకోలు కింద తీసుకుని గిన్నె మీద మూత పెట్టింది.

*

గురువారం కౌన్సిల్ గదిలో కార్పెట్టు నీలం, బల్ల పొడుగు. బల్లకి అటువైపు ముగ్గురు కౌన్సిలర్లు. మధ్యలో ఛైర్మన్, తెల్లమీసాల పెద్దాయన. పక్కన మిసెస్ వీలర్, ముందు ఫైలు. ఇటువైపు సుబ్బరాజు, పెళ్లినాటి సూటు. వెనక వరసలో నాగేశ్వరి, మానస. పాతికమంది సభ్యుల్లో వచ్చినవాడు ఒకడే. క్లబ్బు సెక్రటరీ విజయభాస్కర్.

సెక్రటరీయే ఇంటర్‌ప్రెటరు కూడా. సుబ్బరాజుకి ఇంగ్లీషు రాదని, తను చెప్పిపెడతానని ముందే రాసిచ్చాడట. ఆ సంగతీ సుబ్బరాజుకి గదిలోకి వచ్చాకే తెలిసింది. తొమ్మిదేళ్లుగా కౌంటరు దగ్గర నిలబడినవాడికి ఇంగ్లీషు చదవడం రాకపోవచ్చు, చెవులు పనిచెయ్యకుండా ఉంటాయా? ఆ మాట విజయభాస్కర్‌కి తట్టలేదు.

ఛైర్మన్ మర్యాదస్తుడు. మంచినీళ్లు కావాలా అని అడిగాకే మొదలుపెట్టాడు. "మీ క్లబ్బులో ఆడే ఆట ఏది?"

విజయభాస్కర్ సుబ్బరాజు వైపు వంగి, తెలుగులో, "ఏ ఆట అని అడుగుతున్నారు. బ్రిడ్జ్ అనండి చాలు. మిగతాది నేను చూసుకుంటాను," అన్నాడు.

సుబ్బరాజు లేచి నిలబడ్డాడు. అక్కడెవరూ నిలబడనక్కర్లేదు. అయినా నిలబడ్డాడు.

"రమ్మీ."

ఆ మాటకి తర్జుమా అక్కర్లేదు. గదిలో అందరికీ ఒకేసారి తెలిసింది. మిసెస్ వీలర్ పెన్ను కదిలింది.

"అతని ఉద్దేశం ఏమిటంటే…" అని విజయభాస్కర్ ఇంగ్లీషులో అందుకున్నాడు.

"నో," అన్నాడు సుబ్బరాజు. "సార్, నో బ్రిడ్జ్. నెవర్ బ్రిడ్జ్. ఓన్లీ రమ్మీ. ఐ ప్లే థర్టీ ఇయర్స్." జేబులోంచి మడతలు పడ్డ జిరాక్సు కాగితాలు తీసి బల్ల మీద పెట్టాడు. "దిస్ ఈజ్ సుప్రీంకోర్ట్. ఇండియా. రమ్మీ, స్కిల్."

ఛైర్మన్ ఆ కాగితాలు తోసెయ్యలేదు. కళ్లజోడు పెట్టుకుని రెండు పేజీలు ఓపిగ్గా చదివాడు. పక్క కౌన్సిలరుకి కూడా చూపించాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. మీ దేశపు కోర్టు మాట ఆసక్తిగా ఉంది. కానీ ఇక్కడి చట్టం వేరు. నేర్పుతో పాటు అదృష్టం కూడా కలిసి ఉంటే, అది అదృష్టపు ఆట కిందే లెక్క. అలాంటి ఆట కోసమే పెట్టిన క్లబ్బుకి మేం పర్మిట్టు ఇవ్వలేం, బ్రిడ్జ్, విస్ట్ తప్ప.

విజయభాస్కర్ అంతా తెలుగులో చెప్పబోతే సుబ్బరాజు చెయ్యెత్తి ఆపాడు. అర్థమైంది.

"సార్. ఇన్ బ్రిడ్జ్… కార్డ్స్…" మాట దొరక్క రెండు చేతులతో ముక్కలు కలిపి చూపించాడు. "యూ మిక్స్? ఆర్ నో మిక్స్?"

ఛైర్మన్ మీసాల కింద ఏదో కదిలింది. "కలుపుతాం," అన్నాడు.

"దెన్ లక్, సార్. సేమ్ లక్."

గదిలో ఎవరో దగ్గారు. మిసెస్ వీలర్ ఫైల్లోకి చూసింది. ఛైర్మన్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నేను ముప్ఫై ఏళ్లుగా బ్రిడ్జ్ ఆడుతున్నాను. మీరడిగిన దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. కానీ చట్టం నేను రాయలేదు, మార్చలేను," అన్నాడు. అటూ ఇటూ ఉన్న ఇద్దరితో గొంతు తగ్గించి మాట్లాడాడు. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. పర్మిట్టు ఇవ్వడం లేదన్నాడు.

సుబ్బరాజు తలాడించాడు. కూచోలేదు. చిత్రంగా అతనికి ఊపిరి బాగా ఆడుతోంది. వెనక్కి తిరిగితే నాగేశ్వరి కొంగు పిడికిట్లో నలుపుకుంటోంది. మానస మటుకు తండ్రి వైపే చూస్తోంది, ఇదివరకెప్పుడూ చూడనట్టు.

అక్కడితో అయిపోవలసింది. ఛైర్మన్ ఫైల్లోంచి ఫారం పైకి తీశాడు.

"ఇంకొకటి ఉంది. ఈ దరఖాస్తులో మూడు చోట్ల బ్రిడ్జ్ అని ఉంది. కౌన్సిల్‌కి తెలిసి తెలిసి తప్పు సమాచారం ఇవ్వడం నేరం. దీన్ని నింపింది ఎవరు?"

సంతకం సుబ్బరాజుది, తెలుగులో. రాత విజయభాస్కర్‌ది.

సుబ్బరాజు నోరు తెరవలేదు. ఊ అనకుండా ఇచ్చిన మాట అది. అయినా మాటే. ఎదురుగా గోడ గడియారం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఇప్పుడు పలకవలసినవాడు పక్కనే ఉన్నాడు. పలుకుతాడేమో చూద్దామనుకున్నాడు.

విజయభాస్కర్ పలికాడు.

"నేను సాయం చేశానంతే సార్," అన్నాడు మంచి ఇంగ్లీషులో, తడబడకుండా. "మా బావగారికి చదువు లేదు. ఆయన ఏం చెప్తే అది రాశాను. వాళ్లు ఆడేది బ్రిడ్జ్ అని ఆయనే నాతో చెప్పారు. నేను నమ్మాను."

సుబ్బరాజు చూపు గడియారం మీద నుంచి కదల్లేదు. ముల్లు మాత్రం కనపడటం మానేసింది.

వెనక వరసలో నాగేశ్వరి మానస చెయ్యి పట్టుకుంది. "ఏమన్నాడే మావయ్య?"

మానస తండ్రి వీపు వైపే చూస్తోంది.

"చెప్పవే. ఏమన్నాడు?"

"బ్రిడ్జ్ అని నాన్నే చెప్పారంట," అంది మానస. తెలుగులో చెప్పింది.

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. నాగేశ్వరి లేచింది. కౌన్సిల్ గది అని గాని, మాట్లాడమని తననెవరూ అడగలేదని గాని చూడలేదు. తొమ్మిదేళ్లుగా జీపీ డాక్టరు దగ్గర కూడా తలనొప్పని చెప్పుకోలేక నుదురు పట్టుకుని చూపించే మనిషి, ఆ నీలం కార్పెట్టు మీద నాలుగడుగులు ముందుకు వచ్చి, ఛైర్మన్‌ని కాదు, అన్నని చూస్తూ మాట్లాడింది.

"నా వంటింట్లో కూచుని రాశావు అన్నయ్యా. పండగ ముందు ఆదివారం. నీకు రెండుసార్లు కాఫీ ఇచ్చాను. ఆయన అప్పుడు షాపులో ఉన్నారు, ఇంట్లోనే లేరు. సాయంత్రం ఆయన వచ్చాక 'ఇదేం రాశావు' అని అడిగితే, 'మీకెందుకు బావా, నేను చూసుకుంటాగా' అన్నావు. ట్రెజరరు కింద అమ్మ పేరు రాస్తుంటే అమ్మెందుకురా అంటే నవ్వావు. నిన్న మధ్యాహ్నం నీ పేరు ఎత్తవద్దని ఈయన నోరు మూయించాను. నా వల్ల నోరు మూసుకున్న మనిషి మీద నేరం పెడతావా?"

ఛైర్మన్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఆవిడ ముఖం చూసి, విజయభాస్కర్ ముఖం చూసి, ఫారం పక్కన పెట్టాడు.

"మిస్టర్ విజయభాస్కర్. మీరు ఇంటర్‌ప్రెటరు కదా. ఆవిడ ఏమంటున్నారు?"

విజయభాస్కర్ మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు. తాగలేదు. చేత్తో పట్టుకున్నాడు.

మిసెస్ వీలర్ వెనక్కి తిరిగి మానసని చూసింది. "నువ్వు చెప్పగలవా, అమ్మాయీ?"

మానస తల్లిని చూసింది, తండ్రిని చూసింది. చేతులు కట్టుకుని కుర్చీలో వెనక్కి వాలింది.

"మై అంకుల్ విల్ టెల్ యూ," అంది. "హీ నోస్ తెలుగు బెటర్ దాన్ మీ."

విజయభాస్కర్ గ్లాసు తిరిగి బల్ల మీద పెట్టాడు. ముగ్గురు కౌన్సిలర్లూ పెన్నులు పట్టుకుని విజయభాస్కర్ నోటి వైపు చూస్తున్నారు.

సుబ్బరాజు అప్పుడు కూచున్నాడు. విజయభాస్కర్ ఏం చెప్పినా తనకి రావలసింది ఏమీ లేదు. పర్మిట్టు పోయింది. దానితో లీజు, లీజుతో షాపు, పన్నెండు మెట్లు. వీటన్నిటి వెనకా ఆకివీడు పక్కన, గోపాల్‌రావు పేరు మీదకి మారిపోయి, ఇంక ఏ కాగితం మీదా తిరిగి రానిది: చేపల చెరువు, మూడెకరాల పద్నాలుగు సెంట్లు.